ఎర్ర కోడి స్నానం

ఎవరింటి కూలర్‌లోంచో తడిసిన గడ్డి వాసన వస్తే మా రేపల్లె దొడ్డి గుర్తొస్తుంది. రోహిణి ఎండలకు నాయనమ్మ కోళ్ళగూటి మీద తడి గోనెలు కప్పేది, బాతులకు తొట్టి నింపేది. ఎర్ర కోడిని మాత్రం రోజూ మెడదాకా ఆ తొట్టిలో ముంచేది. అది గిలగిలా కొట్టుకునేది.

"దానికొక్కదానికే ఎందుకే నాయనమ్మా?"

"దానికే వేడెక్కువ. నోర్మూసుకుని కాళ్ళు పట్టుకో."

వదలగానే అది గుడ్లు తీసేసిన గంపలోకి పరుగెత్తి, తడి రెక్కలు పరుచుకుని కూర్చునేది. నాయనమ్మ దయకు నేను సండే స్కూల్లో స్తోత్రం చెప్పాను.

పొదగాలన్న ఆశ చచ్చి మళ్ళీ గుడ్లు పెట్టాలని కోడిని అలా ముంచుతారని పెద్దయ్యాక తెలిసింది. పిల్లల్ని రెక్కల కిందికి చేర్చుకునే కోడితో ప్రభువు తనను పోల్చుకున్న మాట పాస్టరుగారు చదివినప్పుడల్లా, అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది నాయనమ్మే.