ఆదిమూలం అమ్మకానికి పెట్టిన బండి

ఆదిమూలానికి బండి అమ్మే జబ్బు. అమ్మేశాడనుకునేరు, నాలుగేళ్ళలో ఒక్కసారీ అమ్మలేదు. అమ్మకానికి పెట్టడం, కొనడానికి వచ్చినవాణ్ణి తరమడం, మళ్ళీ అమ్మకానికి పెట్టడం. ఇదీ ఆయన జబ్బు.

నేను మొదట చూసిన జగడం చెబుతాను. తిరువొత్తియూరులో మా ఎదురిల్లే ఆయనది. ఒక ఆదివారం పొద్దున అన్నానగర్ నుంచి సఫారీ సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, అద్దంలో మీసం సవరించుకున్నాడు, ఆపైన బూటుకాలితో టైరును ఒక్క తన్ను తన్నాడు.

ఆదిమూలం చేతిలో ఉన్న కాఫీ టంబ్లరు అరుగుమీద పెట్టాడు.

"ఏం స్వామీ, ఎందుకు తంతా ఉండావు?"

"టైరు చూస్తా ఉండాను సార్. అందరూ చూసేదే గదా."

"నీకు కూతురుండాదా?"

"ఉండాది. ఎందుకు?"

"పెండ్లిచూపులకు వచ్చినోడు, పిల్ల గట్టిగా ఉండాదా లేదా అని కాలితో తన్ని చూస్తే ఊరుకుంటావా?"

"ఇది బండి సార్!"

"మెల్లగా! దానికి వినపడేట్టు అంటావే!"

అరగంట సాగింది. వీధి వీధంతా గుమిగూడింది. పెద్దమనిషి మొదట నవ్వాడు, తర్వాత అరిచాడు, చివరికి ఏమనిపించిందో ఏమో, వంగి టైరును చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు. వెంటనే ఆదిమూలం చల్లబడి, ఆయనకు కాఫీ ఇచ్చి, మురుకులు పెట్టి, ఇంటికి ఒక పొట్లం కట్టి పంపించాడు. బండి మాత్రం ఇవ్వలేదు. జగడంలో గెలిచింది ఆదిమూలమే, అందులో సందేహం లేదు. ఏం గెలిచాడో మాత్రం ఆ రోజు నాకు అంతుపట్టలేదు.

ఆ బండి సంగతి చెప్పాలి. జపాను జీపుకారు. ఏదో దేశపు కాన్సలేటు దొర ఊరు విడిచి పోతూ వేలానికి పెడితే, తొంభై మూడులో పాట పాడి తెచ్చాడు. లోపల ఏసీ, తోలు సీట్లు, ముందర ఏనుగు దంతాల మాదిరి ఇనుప కమ్ములు. అది మా వీధిలోకి వచ్చిన రోజు రెండు తోపుడు బండ్లూ ఒక ఆవూ వెనక్కి నడిచి దారి ఇవ్వాల్సి వచ్చింది.

భార్య హైమకు మోకాళ్ళ నొప్పులు. ఆమె సుఖంగా తిరగాలని కొన్నాడు. తీరా చూస్తే బండి మెట్టు ఆమె నడుమెత్తు ఉంది! అందుకని ఎక్కడానికి ఒక చెక్కపీట చేయించాడు. ఎక్కేటప్పుడు బాగానే ఉండేది. దిగేటప్పుడు పీట సీటు వెనకాల ఇరుక్కునేది, ఆమె పైన కూర్చుని "పీట వేసేదెవురు?" అని వీధి అదిరేట్టు అరిచేది. ఏడాది తిరక్కుండానే ఆమె పోయింది. పిల్లల్లేరు. సౌకార్‌పేటలో ముప్పై ఏళ్ళు నడిపిన తాళాల కొట్టు మూసేసి ఆయన ఇంట్లో కూర్చున్నాడు.

ఇంకో సంగతి. ఆ బండి ఎక్కితే ఆదిమూలానికి వాంతి. ఎప్పుడెక్కినా వీధి చివర దాటకముందే "ఆపరా, ఆపరా" అని తల బయట పెట్టేవాడు. ఎక్కడికి పోవాలన్నా లోకల్ రైల్లోనే పోతాడు. బండి నడిపే మాదయ్య కొట్టు రోజుల నుంచి ఉన్నవాడు, సరుకు వ్యాను తోలినవాడు, యజమానిని మొదలాళీ అని పిలిచేవాడు. అతనికి కళ్ళు మసకలు. ఇంక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఎక్కలేని యజమాని, నడపలేని డ్రైవరు, ఇద్దరి మధ్యా ఏనుగంత బండి. అమ్మక ఇంకేం చేస్తారు?

అమ్ముతున్నాడు కదా మరి! ప్రతి శనివారం పేపర్లో మూడు లైన్ల ప్రకటన. అద్దం మీద "అమ్మకానికి" అని తెలుగులో ఒక అట్ట, అరవంలో ఒక అట్ట. సముద్రపు ఉప్పుగాలి, పక్కనే మనలి ఫ్యాక్టరీల నుంచి వచ్చే మసి, రెండూ కలిసి ఇనుమును తినేస్తాయని, మాదయ్య రోజూ పొద్దున రెండు బిందెల మంచినీళ్ళతో బండిని కడిగేవాడు. మంచినీళ్ళు లారీలో వచ్చే వీధి మాది. నేను ఊరుకుంటానా?

"ఏమయ్యా ఆదిమూలం, మనుషులకు గొంతు తడుపుకునేదానికి లేదు, నీ బండికి తలంటా?"

"అమ్మే బండి పంకజమక్కా. మెరవకుంటే ఎవురు కొంటారు?"

"మెరిసినా నువ్వు ఇయ్యవు గదా!"

"సరైనోడు రావాల గదక్కా."

సరైనవాడు రాలేదు. ఒక డాక్టరు వచ్చాడు. అంతా కుదిరింది. చివర్న "మా కుక్కకు వెనక సీటు బాగుంటుంది" అన్నాడు. కుక్క పేరు అడిగి, వయసు అడిగి, జాతి అడిగి, "కుక్కను మా ఇంట్లో వదిలిపెట్టు, బండి ఊసు మాత్రం ఎత్తొద్దు" అన్నాడు ఆదిమూలం. సినిమా కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. అడిగినదానికన్నా ఎక్కువే ఇస్తానన్నాడు. దేనికయ్యా అంటే, కొండ మీద నుంచి దొర్లించే సీను ఉందట! ఆ రోజు ఆదిమూలం అరుపులకు థర్మల్ కరెంటు స్టేషను సైరను కూడా వినపడలేదు. ఇంకొకతను అన్నిటికీ ఒప్పుకుని, కాఫీ ఇస్తే "నాకు అలవాటు లేదండీ" అన్నాడు. ఆ మాటతోనే బేరం పోయింది.

ఇవేవీ కాకపోతే బండి ఉండనే ఉంది. ఆదివారం వస్తే అది స్టార్టయ్యేది కాదు. సోమవారం పొద్దున తాళంచెవి తిప్పితే పులిలా గర్జించేది. "దానికీ పోయేదానికి ఇష్టం లేదు చూడక్కా" అని ఆదిమూలం మురిసిపోయేవాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఇనుముకు వారాలు తెలుస్తాయా?

హైమ గుర్తుగా ఉంచుకున్నాడని వీధిలో అందరూ అనుకునేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను. అనుకుంటూనే ప్రతి ఆదివారం కాస్త ముందుగా వంట ముగించి, అరుగుమీద బియ్యం చేట పెట్టుకుని కూర్చునేదాన్ని. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. మా ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. దాన్ని ఎంత తిట్టినా బదులు చెప్పదు. వారంలో ఆరు రోజులు ఆ ఇల్లూ అంతే. ఆయన లోపల, మాదయ్య షెడ్డులో. గేటు చప్పుడు కూడా వినపడదు. ఆదివారం మాత్రం మనుషులు, మాటలు, కాఫీ వాసన. చేటలో రాళ్ళు లేకపోయినా మధ్యాహ్నం దాకా ఏరేదాన్ని.

తొంభై ఎనిమిదిలో మనలి నుంచి బాలసుందరం అనే కాంట్రాక్టరు వచ్చాడు. వచ్చీ రాగానే చెప్పులు గేటు బయట విడిచాడు. బండి ముందు నిమ్మకాయ పెట్టి కర్పూరం వెలిగించాడు. టైరు మీద ధూళి ఉంటే జేబురుమాలుతో తుడిచాడు. ఆదిమూలం ముఖంలో రంగు మారడం నేను వీధికి ఇవతల నుంచే చూశాను.

"బండిని ఎండలో పెడతావేమో?" అన్నాడు ఆదిమూలం ఆశగా.

"షెడ్డు కట్టినాను సార్. ఫ్యాను కూడా ఉండాది."

"టేబుల్ ఫ్యానేనా?"

"సీలింగు ఫ్యాను సార్."

"కుక్క?"

"లేదు సార్. నా భార్యకు పడదు."

"కాఫీ తాగుతావా?"

"రెండు తాగుతాను సార్."

తాగాడు. మురుకులు బాగున్నాయని అడిగి మరీ కట్టించుకున్నాడు. అంతటితో ఆగలేదు. వెంట మెకానిక్కును తెచ్చాడు. అతను బానెట్టు ఎత్తి, బ్యాటరీ వైరు వదులైందని ఒక్క నిమిషంలో బిగించాడు. నాలుగేళ్ళలో మొదటిసారి, ఆదివారం నాడు ఆ బండి గర్జించింది. ఆదిమూలం నోరు తెరుచుకుని మాదయ్యను చూశాడు. మాదయ్య ఆకాశం కేసి చూశాడు, కనపడని కళ్ళతో.

"మా డ్రైవరును కూడా పెట్టుకుంటావా?" అన్నాడు ఆదిమూలం. గొంతు చాలా చిన్నదైంది.

"అవసరం లేదు సార్. మా డ్రైవరు విఘ్నేష్ నడుపుతాడు. కడిగేది మేమే చూసుకుంటాము. వచ్చే ఆదివారం వచ్చి తీసుకుపోతాను."

బాలసుందరం పోయాక నేను వీధి దాటి వెళ్ళి గట్టిగా వేసుకున్నాను. "ఇంకేమి కావాలయ్యా నీకు? దేవుడు దిగొచ్చి అడిగినా ఇంత మర్యాదగా అడగడు. ఇచ్చేసి ప్రశాంతంగా ఉండు!"

ఎప్పుడూ మాటకు మాట చెప్పే మనిషి, "సరేలే అక్కా" అని లోపలికి పోయాడు. నాకు నోరు చేదైంది.

మధ్యాహ్నం మాదయ్య మా గేటు దగ్గర తచ్చాడాడు. పిలిస్తే వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, మొదలాళికి చెప్పొద్దు. శనివారం సాయంత్రం ఆ వైరు వదులు చేసేది నేనే."

"ఓరి నీ! ఎందుకురా?"

"బండి పోతే ఈ ఇంటికి ఎవురొస్తారమ్మా? ఆదివారం ఒక్క దినమే ఆయన నోరు తెరిచేది. నాతో ఏమి మాట్లాడతాడు? నాకు తెలిసిందంతా ఆయనకు తెలుసు."

చెప్పనులే అని మాట ఇచ్చాను. ఇంత అన్నం పెట్టాను, తిని పోయాడు. నేను నోరు మూసుకున్నానంటే వీధిలో ఎవరూ నమ్మరు గానీ, మూసుకున్నాను.

సోమవారం ఆదిమూలం వచ్చాడు. ఎదురిల్లు అయి ఉండీ మా గడప తొక్కడం అదే మొదలు. చంకలో హైమ చెక్కపీట ఉంది. "నీ అరుగుమీద కుర్చీలు లేవని తెచ్చుకున్నా" అని, పీట వేసుకుని కూర్చున్నాడు.

"అక్కా, ఆ బండిని నేను ఎందుకు ఉంచుకున్నాననుకుంటా ఉండావు?"

"హైమ కోసం."

ఆయన నవ్వాడు. "హైమకు ఆ బండంటే గిట్టదు. ఉండుంటే మొదటి నెలే అమ్మించేసేది. కొట్టు మూసినప్పుడు మాదయ్యను కూర్చోబెట్టి, నెలనెలా ఇస్తాను, ఈడనే ఉండు అన్నాను. లేచి నిలబడినాడు. పని లేకుండా కూడు తినేదానికి నేనేమన్నా బిచ్చగాణ్ణా మొదలాళీ అన్నాడు. సంచి సర్దుకున్నాడు. యాడికి పోతాడు? అన్న కొడుకు ఉండాడు, వాడు వాకిట్లో కూడా నిలబెట్టడు. అప్పుడే కళ్ళు పోతా ఉండాయి. నాకేమీ తోచలేదు. ఒరే, బండి అమ్మాలరా, అమ్మే బండి తళతళలాడాల, అమ్ముడుపోయేదాకా కడిగి తుడిచేదానికి నువ్వుండాల అన్నాను. సంచి దించినాడు."

నేను ఏరుతున్న బియ్యం చేట పక్కన పెట్టాను.

"అమ్మకుండా ఉంచుకుంటానంటే, నడపలేని నేనెందుకు అంటాడు. అమ్మేస్తే, కడిగేదానికి బండి లేదు గదా అంటాడు. అందుకే అక్కా, అమ్ముతా ఉండాల, అమ్మకూడదు. నాలుగేండ్లు నెట్టుకొచ్చినా. ఈ బాలసుందరం దగ్గర నా కారణాలన్నీ అయిపోయినాయి. కారణం లేకుండా పొమ్మంటే మాదయ్యకు అర్థమైపోతాది. వాడు మసక కండ్లోడే గానీ మసక బుర్రోడు కాదు."

వైరు సంగతి నా నాలుక చివరి దాకా వచ్చింది. మాదయ్యకు మాట ఇచ్చాను కాబట్టి మింగేశాను. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు అదే బండిని రెండువైపుల నుంచి పట్టుకుని నిలబడ్డారు. చెబితే ఇద్దరూ వదిలేస్తారు.

"నన్నేం చెయ్యమంటావు?" అన్నాను.

"నీళ్ళ లారీవాణ్ణి నువ్వు తిట్టిన దినం నేను కిటికీలో నుంచి విన్నానక్కా. వాడు ఈ పొద్దుకీ టైముకు వస్తా ఉండాడు. అంత నోరు ఈ అరుగుమీద సుమ్మా, ఊరికే పడుండాది. వచ్చే ఆదివారం మా ఇంటికొచ్చి కూర్చో. కాఫీ నేను పెడతా. ఆ బాలసుందరాన్ని నువ్వు తరమాల."

"అంత మంచోణ్ణి ఏమని తరమాలయ్యా?"

"అది నాకేం తెలుసు? నీ నోటికి కారణాలు కావాల్నా?"

నా గురించి ఇంత గొప్పగా ఎవరూ మాట్లాడింది లేదు. చీర కొంగు సర్దుకున్నాను. "ఆ ఒక్క ఆదివారమేనా?"

"ఒక్కటి యాడ చాలుతాదక్కా? శనివారం శనివారం పేపర్లో పడతా ఉంటాది గదా. నువ్వూ వస్తా ఉండాల."

"చూస్తాలే" అన్నాను, తీరిక లేని దానిలాగా.

ఆయన లేచాడు. గేటు దాకా పోయాడు. పీట ఇక్కడే మరిచిపోయాడని పిలవబోయాను. మరిచిపోలేదు, ఉండనీ అన్నట్టు చెయ్యి ఊపాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంకొక్కటక్కా. వచ్చినోణ్ణి తరిమినాక, మాదయ్య ముందర నన్ను కూడా నాలుగు తిట్టు. 'ఇంకా ఎన్నాళ్ళయ్యా, తొందరగా అమ్మేయి' అని గట్టిగా తిట్టు. లేకుంటే వాడికి అనుమానం వస్తాది."