సూడాన్ గురించి రెండోసారి చెప్పిన సాక్ష్యం

దక్షిణ సూడాన్ ఇంకా విడిపోని రోజుల్లో, బోరు మోటార్లు బిగించడానికి కంపెనీ నన్ను సూడాన్ పంపింది. కొన్ని నెలలుండి, కాస్త ఒళ్లు చేసి తిరిగొచ్చాను. అయినా ప్రాణాలతో బయటపడ్డానని చిలకలగూడలో మా చర్చి సంఘమంతా ఇంటికి వచ్చింది. ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. దూర ప్రయాణం చేసి వచ్చినవాళ్లు మైకు ముందు నిలబడి, దేవుడు తమను దేని నుంచి తప్పించాడో చెప్పడం మా ఆనవాయితీ. ఏ ఆపదా రాలేదంటే సాక్ష్యం చప్పగా ఉంటుంది.

నాది చప్పగా ఉండకూడదనుకున్నాను. పొద్దు గుంకే వేళ ఎడారి రోడ్డు మీద కొందరు మగవాళ్లు బస్సుకు అడ్డంగా తాడు పట్టుకుని నిలబడ్డారని, అరుస్తూ తలుపు తీయించారని, నేను కళ్లు మూసుకుని కీర్తన చదువుకున్నానని చెప్పాను. అదంతా జరిగిందే. కానీ ప్రభువు కాపాడాడని అక్కడితో ఆపేశాను. గుడంతా స్తోత్రాలు.

నేను చెప్పనిది ఇదీ. అది రంజాన్ నెల. ఉపవాసం విడిచే వేళ ఆ దారిన పోయేవాళ్లెవరూ ఆకలితో తమ ఊరు దాటకూడదని అక్కడివాళ్లు బండ్లు ఆపుతారు. నన్ను చెయ్యి పట్టుకుని దింపి, చాప మీద కూర్చోబెట్టి, ఖర్జూరాలూ మన సంకటిలాంటి జొన్నముద్దా పెట్టారు. నేను సంచిని ఒళ్లో బిగించి పట్టుకుని తింటుంటే, ఒక పెద్దాయన నవ్వి తన చెప్పులు తెచ్చి నా పక్కన పెట్టాడు, వాటినీ చూసుకోమన్నట్టు. ఏటా రంజాన్ సాయంత్రాలు చూస్తూ సికింద్రాబాదులో పెరిగినవాణ్ణి, ఆ తాడు ఎందుకో నాకు తట్టలేదు.

ఆ వారమే మా చెల్లికి ఖార్తూమ్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం ఖాయమైంది. నా సాక్ష్యం విన్న అమ్మ వద్దంటే వద్దంది.

మోండా మార్కెట్లో కూరగాయలు కొంటూ చెల్లి అడిగింది. "అన్నయ్యా, ఇంతకీ బస్సు ఆపి నీ దగ్గర ఏం పట్టుకుపోయారు?"

"ఏమీ లేదే. తిండి పెట్టారు."

"తిండా! ఆ ముక్క మైకులో చెప్పడానికి నోరు రాలేదా?"

"అమ్మకి చెప్తాలే."

"ఎక్కడ చెప్పావో అక్కడే చెప్పు. రోజూ ఎవరో ఒకరొచ్చి అమ్మకి నూరిపోస్తున్నారు."

మళ్లీ ఆదివారం నేను లేవగానే సంఘపెద్ద అన్నాడు, "మల్ల ఏం సాక్ష్యం తమ్మీ? పోయిన వారమే చెప్పినవ్ గద."

"సగమే చెప్పానండీ."

మిగతా సగం చెప్పాను. ఒక్క స్తోత్రమూ వినపడలేదు.

"అక్కడ లడాయి నడుస్తున్నదంట గద? టీవీల సుత చూపిచ్చిన్రు," అన్నాడాయన.

"నడుస్తోంది, దక్షిణాన, ఖార్తూమ్‌కి చాలా దూరంలో. ఆ యుద్ధం పేరు అడ్డం పెట్టుకుని నాకు అన్నం పెట్టినవాళ్లను దొంగల్ని చేశాను. తప్పు నాది, ఆ దేశానిది కాదు."

"మంచిది. జెర కూసో, టైమైతున్నది."

"కూర్చోను."

ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ లేచింది. గుడి మధ్యలో ఆమె గొంతు ఎత్తడం నేనెప్పుడూ వినలేదు. "బస్సులో ఆడవాళ్లు లేరా? వాళ్లనేం చేశార్రా?"

"ఇంట్లోకి తీసుకెళ్లి, ముందు వాళ్లకే పెట్టారమ్మా."

అమ్మ చెల్లి వైపు చూసింది. "అయితే పోనీ, వెళ్లనీ," అని కూర్చుంది.

బయట చెప్పులు వేసుకుంటుంటే సంఘపెద్ద నా భుజం పట్టుకున్నాడు. "పిల్లకేమన్న తక్లీఫ్ అయితే పూచీ ఎవరిది?"

"నాది," అన్నాను, అందరికీ వినబడేలా.