దొరసాని చేతులు కడుక్కున్న నీళ్ళు

ఆకాశాన్ని మూసేవాడవూ తెరిచేవాడవూ అయిన తండ్రీ, ఈ ఎండిన మెట్టమీద మమ్మల్ని ఇంతకాలం బతికించిన నీకే మహిమ. నా తప్పు చెప్పుకునే ముందు నీ కృపను ఒప్పుకుంటున్నాను.

యాభైల చివర వరుసగా వానలు తప్పిన కాలం. విదేశం నుంచి కొత్తగా వచ్చిన నర్సు దొరసాని మాటల్ని తెలుగులో చెప్పడానికి నేను ఆమె వెంట గుత్తి వైపు పల్లెలు తిరిగేదాన్ని. ఒక ఉదయం మా సంఘంలోని కూలివాళ్ళ ఇంటికి పోయాం. ఏడాది పిల్లవాడికి రెండు రోజులుగా విరేచనాలు. కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడుస్తున్నా కన్నీరు రావడం లేదు.

దొరసాని వాణ్ణి ముట్టుకునే ముందు గుమ్మం పక్క కడవలో చెంబు ముంచి, సబ్బు రుద్ది చేతులు కడుక్కుంది. మళ్ళీ రుద్దింది, మళ్ళీ ముంచింది. ఆ ఇంటికి రోజంతటికీ ఆ కడవే. అది నాకు తెలుసు. దొరసానికి నేను నేర్పడమా అని నోరు మూసుకున్నాను.

కాచిన నీళ్ళలో ఉప్పూ చక్కెరా కలిపి చెంచాతో తాగించాలని ఆమె చెప్పింది. నేనది తెలుగులో చెప్పగానే పిల్లవాడి అవ్వ కడవ వంచి చూపింది. అడుగున మడ్డి తప్ప ఏమీ లేదు.

"యాడుండాయి నీళ్ళు? నీ దొరసాని చేతులే తాగేసినాయి! నువ్వీడ పుట్టినదానివే కదమ్మా, నోట్లో ఏం పెట్టుకోనుండావు?"

ఒక్క మాటా మెత్తబరచకుండా దొరసానికి చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. కడవ చంకకెత్తుకుంది.

వాగు ఇసుకలో తవ్విన చెలమ దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు వంతుకోసం కూర్చుని ఉన్నారు. సంగతి విని వంతు వదిలారు. దొరసాని ఆత్రంగా చెంబు ముంచింది. ఉన్న కాసిన్ని నీళ్ళూ బురదయ్యాయి.

"అయ్యో, ఎనుము దిగినట్టు కలిపేసినావే తల్లీ!" అంది ఒకామె.

నీళ్ళు తేరేదాకా పిల్లవాడు ఉంటాడా? తేరాక, అలా అన్నామే దొరసాని మణికట్టు పట్టుకుంది. "నిదానం. పైపైన తీయల్ల" అంటూ టెంకాయ చిప్పతో తీయించింది. ఆ మాటకు అర్థమేమిటని దొరసాని నావైపు తిరగలేదు.

ఆ నీళ్ళు ఇంటికి తెచ్చి కాచి, దొరసాని సంచిలోని ఉప్పూ చక్కెరా కలిపాం. మొదటి చెంచా పిల్లవాడు కక్కేశాడు. రెండోదీ కక్కాడు. మూడోది నిలిచింది. పొద్దు వాలేవేళకు దొరసాని చీర తడిసింది.

"ఒంటికి పోసినాడప్పా, దొరసాని ఒళ్ళోనే!" అని అవ్వ ఏడుస్తూ నవ్వింది.

వాడు బతికాడు. బతకకపోయి ఉంటే ఆ పాపం నా మౌనానిదే. చదువుతున్న సోదరీ, సోదరుడా, నాతో కలిసి ఒక్కమాట అడగండి: ప్రభువా, మర్యాద పేరుతో భయపడి మూసుకున్న నోళ్ళను నీవే తెరువు. ఆమేన్.