ఎండకు పట్టి చూడని రాయి

తొలకరి వాన పడితే మా అమ్మ ఇంట్లో నిలిచేది కాదు. తుగ్గలి వైపు ఎర్రచేలల్లో వాన మట్టిని కడిగి రాళ్లను పైకి తెస్తుంది. వజ్రం దొరుకుతుందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా సద్దిమూట కట్టుకుని వచ్చి, ఆ చేలల్లో తల వంచుకుని నడుస్తారు. అమ్మ ఇరవై ఏళ్లు నడిచింది. "ఈ పిచ్చి ఇంకెప్పుడు వదుల్తాదిమా నీకు" అని కసురుకునేదాన్ని. టీచరు ఉద్యోగం వచ్చి కర్నూలులో కాపురం పెట్టాక నాకది మరీ నామోషీ అనిపించేది.

మూడేళ్ల కిందట నేను ఊళ్లో ఉన్నప్పుడే ఆమె చేను నుంచి వచ్చి, కొంగు ముడి విప్పి ఒక రాయి నా చేతిలో పెట్టింది. చేలో రాయి దొరికితే అక్కడ ఎవరూ నోరెత్తరు, ఇల్లు చేరాకే ముడి విప్పుతారు. చింతగింజంత ఉంది, పాలరంగు.

"ఎండకు పట్టి చూడు పాపా. లోపల రంగులు తిరుగుతాండాయి. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్తే నమ్ముతా. ఇదొక్కటన్నా నిజమా కాదా చెప్పు."

మా ఊళ్లో అందరికీ తెలిసిన పరీక్ష ఒకటుంది. వజ్రమైతే సుత్తి దెబ్బకు పగలదు, పగిలితే ఒట్టి రాయి. బస్సుకు టైమవుతోంది, నాకేమో విసుగు. రాయిని రోటి అంచు మీద పెట్టి ఒక్కటిచ్చాను. ముక్కలు ముక్కలైంది.

"చూసినావా? ఇంగనన్నా ఇంటిపట్టున ఉండు" అన్నాను. అమ్మ ముక్కలన్నీ ఏరి మళ్లీ కొంగున ముడేసుకుంది. మరుసటి ఏడు తొలకరి పడినా గడప దాటలేదు. నేను గెలిచానని సంబరపడ్డాను, నా బుద్ధి తగలెయ్య.

ఈమధ్య మా ఆయన ఉంగరం పని మీద కర్నూలులో రాళ్లమ్మే సాయిబు దగ్గరికి వెళ్లాను. అద్దాల పెట్టెలో పాలరంగు రాయి కనిపించింది. అదేమిటని అడిగాను.

"ఓపల్ అమ్మా. శుక్రుడికి వజ్రం పెట్టుకోలేనోళ్లు ఇది పెట్టుకుంటారు. ఆస్ట్రేలియాలో మన సీమ మాదిరే ఎండిన నేలల్లో తవ్వి తీస్తారంట. రాయి లోపల్నే నీళ్లుంటాయి, శానా సున్నితం" అంటూ దాన్ని వెలుగులో తిప్పాడు. ఆకుపచ్చ, నిప్పు ఎరుపు, నెమలికంఠం నీలం ఒకదాని వెంట ఒకటి పరిగెత్తాయి. అమ్మ చెప్పిన రంగులు గుర్తొచ్చాయి.

జరిగింది చెప్పి, మా అమ్మది ఓపలేనా అని అడిగాను.

"చూడకుండా ఎట్ల చెప్పేదమ్మా? వెతకనీకి వచ్చినోళ్ల ఉంగరంలోంచి జారిందేమో, గాజుపెంకేమో. కానీ సుత్తితో కొడితే అసలు వజ్రమైనా పగుల్తాది. దానిమీద గీత పడదు గానీ దెబ్బకు ఆగదు. మన దిక్కు ఎన్ని మంచి రాళ్లు ఇట్ల పోయినాయో!"

ఆ వారమే ఊరికి పోయాను. అడిగితే అమ్మ దేవుడి గూట్లోంచి గుడ్డమూట తీసి విప్పింది. ముక్కలు సున్నంలా తెల్లగా ఉన్నాయి. ఎండలో ఎంత తిప్పినా రంగు లేదు. తప్పు చేశానని బావురుమన్నాను.

"రాయి పోతే పోనీలే పాపా" అంది అమ్మ. "ఆపొద్దు దాంట్లో రంగులు నీకూ కనపడినాయా? అదొక్కటి చెప్పు. నా కండ్లే అట్ల చూపించినాయేమోనని మూడేండ్లుగా అనుకుంటాండా."

ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

"నేను చూడలేదుమా. ఎండకు పట్టనే లేదు."