గుండె ఫొటో కోసం పెదనాన్న టీ దీక్ష

కలకత్తాలో టీ వద్దన్నవాడికి ఒంట్లో బాగాలేదనో, బుర్ర బాగాలేదనో జనం అనుకునే రోజులవి. అలాంటి ఊళ్లో ఇరవై నాలుగు గంటలు టీచుక్క ముట్టని మనిషిని వెతికిపెట్టడం నా మొదటి ఉద్యోగం. గుండె కండరానికి నెత్తురు ఎంత అందుతోందో ఎమ్మారై స్కానుతో కొలిచే పద్ధతిని మా డాక్టర్ దాదా (బెంగాలీలో దాదా అంటే అన్న) మెరుగుపరుస్తున్నారు. అందుకు గుండె రక్తనాళాలు విప్పారే మందు ఎక్కిస్తారు. టీ తాగి ఉంటే ఆ మందు సరిగ్గా పనిచేయదు. ఒప్పుకుని వచ్చినవాళ్లంతా (డాక్టర్ దాదా తమ్ముడితో సహా) ఆసుపత్రి గేటు దగ్గరే మట్టికప్పు టీకి లొంగిపోయారు. ఈసారీ తప్పితే మిషను ఇచ్చేది లేదన్నారు పైవాళ్లు.

లిలువా రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మా పెదనాన్నని అడిగాను. "ఒక్క రోజు టీ మానడం ఏటమ్మీ, అదో లెక్కా?" అన్నాడు. పరీక్షకి ముందురోజే కాపలాగా వాళ్లింటికి చేరాను. ఆయన ఎదురుగా తాగడం బాగుండదని నేనూ మానేశాను.

మర్నాడు పొద్దున్న వీధి చివర టీకొట్టులో ఆయన చెయ్యి అడ్డం పెట్టి వద్దనగానే బెంచీ మీద కబుర్లు ఆగిపోయాయి. "నిరాహార దీక్షా, దాదా? డిమాండ్లేమిటి?" అన్నాడొకడు. అంతే, అరగంటలో పాత యూనియన్ మిత్రులు ఎర్రజెండాతో దిగారు. మెళ్లో దండ పడేసరికి పెదనాన్న మొహం వెలిగిపోయింది. "ఇది గుండె పరీక్షండీ!" అని నేను మొత్తుకుంటుంటే, "నువ్వూరుకో అమ్మీ, ఇన్నాళ్లకి జెండా నా కోసరం వచ్చింది" అన్నాడు. పాడైన వీధి పంపు ఒకటి డిమాండుగా దొరికింది. పదకొండింటికి ఎవరో పెద్దమనిషి వచ్చి బాగుచేయిస్తానని మాటిచ్చాడు. చప్పట్ల మధ్య దీక్ష విరమింపజేశారు, నిమ్మరసం దొరక్క టీతో.

ఏడుపు మొహంతో ఆసుపత్రికి చేరాను, వెనకాలే దండతో పెదనాన్న. డాక్టర్ దాదా సంగతంతా విని, "మరి నువ్వు తాగావా?" అని నన్నడిగారు. లేదని నిజం చెప్పేశాను (తెలివైనవాళ్లు అబద్ధం చెప్పేవారు). పరీక్షలూ సంతకాలూ అయి, కాసేపట్లో ఆ మిషను సొరంగంలో ఉన్నాను. మందు ఎక్కగానే గుండె దడదడలాడింది. "ఊపిరి బిగబట్టు, కదలకు" అంది చెవిలో డాక్టర్ దాదా గొంతు. వెంటనే మైకు లాక్కుని పెదనాన్న అరిచాడు: "భయపడకమ్మీ! పోరాటం ఆపకు!"

నాకు నవ్వాగలేదు. ఫొటోలో నా గుండె, తొక్కేసిన రసగుల్లాలా వచ్చింది. నేను క్షమాపణలు చెప్పుకుంటుంటే డాక్టర్ దాదా దాన్నే చూస్తూ, "రోగులు మాత్రం ఊపిరి బిగబట్టగలరా? కదిలినా సరిచేసే పద్ధతే మనకి కావాలి" అన్నారు. ఆ తరవాత కట్టిన ప్రతి కొత్త లెక్కనీ ముందు నా ఫొటో మీదే సరిచూశాం. నెలనెలా అది కాస్త కాస్త తేటపడింది. చివరికి అంచున ఒక్క చోట, ఆ రోజు నేను నవ్వాపుకోలేక వణికిన జాడ మిగిలింది. దాన్నీ చెరిపేద్దామన్నారు. నేనే వద్దన్నాను.