మా అన్న ట్రాక్టరు బోరుకొచ్చిన రోజులు

గౌరవనీయులైన మా ఊరి పెద్దలకు, నా పూర్వ విద్యార్థులకు, ముఖపరిచయం లేని మిత్రులకు విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది. తేదీని, స్థలాన్ని కావాలనే వదిలివేశాను. రాజోలి దగ్గరి ఒక ఊరు అనుకుంటే చాలు. అంతకంటే చెబితే మా వదిన ఊరుకోదు.

మా చిన్నప్పుడు... అని మొదలుపెట్టడం ఈ ఆన్‌లైన్ గుంపులో ఆనవాయితీ. నిజం చెప్పాలి కనుక, ఇది మా పిల్లల చిన్నప్పటి ముచ్చట. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు...

మా అన్నకు బత్తాయి తోట ఉండేది. చెట్ల వరుసల మధ్య దూరేటంత చిన్న ట్రాక్టరు ఉండేది. ఒకటే సిలిండరు. బ్యాటరీ లేదు, తాళంచెవి లేదు. ముందు భాగాన ఇనుప హ్యాండిలు తగిలించి చేతితో తిప్పాలి. ఆ విద్య అన్న ఒక్కడికే వచ్చు. గాలి పీల్చే గొట్టంలో నాలుగు చుక్కల ఇంజను నూనె వేసి, దానితో ఏదో మంతనం ఆడినట్లు కాసేపు వంగి, గిర్రున తిప్పేవాడు.

చుట్టుపక్కల రైతులు కూడా ఆ బండినే అడిగి తీసుకుపోయేవారు. తెల్లవారేసరికి వాకిట్లో ముగ్గురు నలుగురు నిలబడి ఉండేవారు.

"అన్నా, జర బండి లేపవా?"

ఆ పిలుపు వినడానికే మా అన్న నిద్ర లేచేవాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది...

ఒక వానాకాలం ఇంజను పొగ మొదలుపెట్టింది. మామూలు పొగ కాదు. వీధిలోకి రాగానే ఎదురింటి ముసలమ్మ "దోమల మందు కొట్టెటోళ్లొచ్చిండ్రు! కుండల మీద మూతలు పెట్టుండ్రి!" అని కేక వేసింది. మా పిల్లలిద్దరూ ఆ పొగ వెంట పరుగెత్తి, తల్లి కూడా గుర్తుపట్టని రంగులో ఇంటికి వచ్చారు.

వడ్డేపల్లి నుంచి మెకానిక్ ఖాజా వచ్చాడు. రెండు వేళ్లతో హ్యాండిలు తిప్పి చూశాడు.

"చూసినవా, ఎంత మెత్తగ తిరుగుతదో! పెరుగు చిలికినట్టే!" అన్నాడు అన్న గర్వంగా.

"గదే రోగం, పెద్దన్నా. మంచి ఇంజను చేతికి ఎదురు తిరగాలె. గిది లొంగిపోయింది. రింగులరిగి గాలంత పక్కలకెల్లి పోతుంది. బోరుకొచ్చింది."

సిలిండరు లోపల అరిగిపోయి, మళ్లీ తొలిపించి కొత్త పిస్టను, రింగులు వేయవలసిన దశను మావైపు అలా అంటారు. అదొక దారి. పాతదాన్ని దించివేసి సెల్ఫ్ స్టార్టు ఉన్న కొత్త ఇంజను బిగించడం రెండవ దారి.

నేను కొత్త ఇంజను పక్షం. నోటుబుక్కులో నిలువుగీత గీసి, ఇటు ఏడు కారణాలు, అటు రెండు వ్రాసి, భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. ఏడవది, "ఇకపై ఎవరు తాళం తిప్పినను చాలును."

"సారు ముచ్చట కరెక్టే" అంది వదిన. అన్న చేయి కడుక్కొని తోటలోకి వెళ్లిపోయాడు.

వెనకాలే వెళ్లాను. ట్రాక్టరు సీటు మీద కూర్చొని ఉన్నాడు.

"తమ్మీ, నీ ఏడో ముచ్చట మళ్లొక్కసారి చదువు."

చదివాను.

"ఎవలైనా తిప్పొచ్చు... మంచిదే. మరి పొద్దుగాల నా వాకిట్లకొచ్చి నన్నెవలు పిలుస్తరు? ఎందుకు పిలుస్తరు?"

జీవితమంతా ఎదుటివాళ్లను ప్రశ్నలడిగి బ్రతికినవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్నకు నోటుబుక్కు మూసివేశాను... ఇంటికి తిరిగి వచ్చి, పాత ఇంజనును బాగుచేయించడమే సర్వవిధాలా శ్రేయస్కరమని ప్రకటించాను.

"కంచం కడిగేలోపట ఏడు కారణాలు ఏడికి పోయినయి, సారూ?" అంది వదిన.

ఖాజా ఇంజను దించాడు. లేత్ షాపులో పది రోజులు పని జరిగింది. బిగించిన నాడు రైతులందరూ చేరారు. అన్న లుంగీ ఎగగట్టి, నాలుగు చుక్కల నూనె వేసి, వంగి, గిర్రున...

తిరగలేదు.

మళ్లీ బలమంతా పెట్టాడు. సగం తిరిగి, ఇంజను వెనక్కి ఒక్క తోపు తోసింది. అన్న బురదలో కూర్చున్నాడు.

"ఏం జేసినవ్‌రా ఖాజా, నా ఇంజనును?"

"బాగు జేసిన, పెద్దన్నా. బాగైతే గిట్లనే ఉంటది."

ఇన్నేళ్లూ అది అన్న చేతికి లొంగింది అరుగుదల వల్లనా!... ఆయన ముఖం చూడలేక నేను బత్తాయి చెట్ల వైపు చూశాను. ఇంతకంటే సెల్ఫ్ స్టార్టే నయం కదా అనిపించింది.

ఖాజా ఇంజను మీద చిన్న లివరు చూపించాడు. "గిది ఎత్తిపడితే లోపలి గాలి బయటికి పోతది, హ్యాండిలు తిరుగుతది. ఊపందుకున్నంక ఇడిస్తే అంటుకుంటది." కానీ ఏళ్ల తరబడి ముట్టనందున లివరు బిగుసుకుపోయింది. ఎత్తి పట్టుకోవడానికే రెండు చేతులు కావాలి. మరి తిప్పేదెవరు? అన్న పడటం కళ్లారా చూసిన రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"జరుగుండ్రి" అంటూ వదిన కొంగు నడుముకు చుట్టింది. "జొన్నలు ఇసిరిన చేతికి గిదొక లెక్కనా?"

అన్న లివరు ఎత్తాడు. వదిన తిప్పింది.

"ఇడువు!"

"నువ్వు చెప్తే ఇడువ. నాకు తెల్వదా ఎప్పుడు ఇడువాల్నో?"

"చెయ్యి పోతుందయ్యా! ఇడువు!"

విడిచాడు. డగ్... డగ్... డగ్... అంటుకుంది. పొగ లేదు.

మరునాడు పొద్దున వాకిట్లో రైతులు నిలబడ్డారు. పిలుపు మాత్రం మారింది. "వదినా, జర బండి లేపవా?"

అరుగు మీద కూర్చున్న అన్న తల దించుకున్నాడు. లోపలినుంచి వదిన గొంతు వినిపించింది.

"నాదేమున్నది? ఎడ్డిదానిలెక్క తిప్పుడే. లివరు ఇడిసే అదను ఆయనకే తెలుసు. ఆయననడుగుండ్రి."

అన్న తల ఎత్తాడు. కండువా భుజాన వేసుకున్నాడు...

ఇప్పుడు ప్రతి తోటలో సెల్ఫ్ స్టార్టు బండి ఉన్నది. సౌకర్యమే, కాదనను. కానీ బండి లేపించుకోవడానికి ఒకరి వాకిలికి మరొకరు వెళ్లవలసిన పని లేకుండా పోయింది... మీ ఇళ్లలోనూ ఒక్కరి చేతికే లొంగిన యంత్రం ఏదో ఉండే ఉంటుంది. క్రింద వ్రాయండి.

చివరగా ఒక విన్నపం. మా అన్నకు ఇప్పుడు చూపు ఆనడం లేదు. మా ఊరివారెవరైనా ఆయన ప్రక్కన కూర్చొని ఈ లేఖను బిగ్గరగా చదివి వినిపించగలరు. వదిన హ్యాండిలు తిప్పిన చోట గొంతు తగ్గించకండి. ఆమె వంటింట్లోంచి వింటూ ఉంటుంది.