ఐదు కరెంటు స్తంభాల దూరం

నేను పరుగు నేర్చుకున్నది బస్సు తప్పిపోయి. నవ్వకండి, ఆ బస్సుకి కండక్టర్ని నేనే.

తొంభైల చివరి సంగతి. కనిగిరి నుంచి గుంటూరు వచ్చే ఎర్రబస్సు మీద నా డ్యూటీ. దారిలో ఒక ఊళ్ళో టీ తాగుదామని దిగాను. గ్లాసు ఇంకా నోటిదాకా వెళ్ళలేదు, లోపల ఎవడో మహానుభావుడు బస్సు డొక్క మీద అరచేత్తో రెండుసార్లు బాదాడు. ఎందుకు బాదాడో వాడికే తెలియాలి. మా వైపు ఆ రెండు దెబ్బలకి ఒక్కటే అర్థం: కండక్టరు ఎక్కాడు, పోనివ్వు అని. మా డ్రైవరు నాకంటే పదేళ్ళు పెద్దవాడు, వెనక్కి తిరిగి చూసే అలవాటు లేని మనిషి. పోనిచ్చాడు.

టికెట్ల ట్రే చంకలో, సంచి మెడలో, చెప్పులు చేతిలో పట్టుకుని వెంటపడ్డాను. కిలోమీటరు పైనే పరుగెత్తాను. చివరికి గొర్రెల మంద రోడ్డుకి అడ్డం వచ్చి నన్ను కాపాడింది. రొప్పుతూ ఎక్కితే డ్రైవరు తాపీగా, "ఏరా, నువ్వు లోపల లేవా?" అన్నాడు. బస్సు బస్సంతా కడుపుబ్బ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను కూడా.

కానీ చిత్రం చూడండి, సాయంత్రం డ్యూటీ దిగాక కూడా ఒంట్లో ఏదో హుషారు. అప్పటికి ముప్పై ఆరేళ్ళు నాకు. పరుపులు కుట్టే మా నాన్న ఏకిన దూది గాలికి లేచిపోతే చిన్నప్పుడు వెంటపడి పట్టుకోవడం తప్ప, నేను పరుగెత్తిందే లేదు. మర్నాడు తెల్లవారుజామున లేచి, ఎవరూ చూడకుండా డిపో వెనక రోడ్డు మీద కాసేపు పరుగెత్తాను. ఆ మర్నాడూ పరుగెత్తాను. మా ఆవిడ, "ఊళ్ళోవాళ్ళందర్నీ బస్సెక్కించే మనిషివి, నీకిదేం ఖర్మ?" అంది. అంటూనే బజారుకి పోయి కాన్వాసు బూట్లు తెచ్చింది.

బస్సు ఊళ్ళల్లోనే పడుకుని పొద్దున్నే బయల్దేరే డ్యూటీలంటే అందరికీ ఏడుపు. నేను అడిగి మరీ వేయించుకునేవాణ్ణి. ప్రతి ఊళ్ళోనూ ఒక కొత్త రోడ్డు దొరికేది. కనిగిరిలో అయితే కోట ఉన్న కొండ మొదలు దాకా ఎర్రమట్టి దారి. దాచేపల్లి వైపు వెళ్తే సిమెంటు దుమ్ము; తిరిగొచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లబడి, పిండిమరలోంచి వచ్చినట్టు ఉండేవాణ్ణి. గుంటూరు పక్క ఊళ్ళల్లో పత్తిచేల మధ్య దారులు, మంచుకి తడిసిన మట్టి వాసన. అబ్బ, ఆ పొద్దులు!

ఒక్కటే బాధ. కండక్టరు పరుగెడుతుంటే మా జనం ఇంకోలా అనుకోలేరు. బస్సు తప్పిపోయిందనే అనుకుంటారు. "అయ్యో, బస్సు ఎళ్ళిపోయిందా అండీ? ఎక్కండెక్కండి!" అంటూ మోపెడ్లు ఆపేవాళ్ళు. పాలక్యాన్ల సైకిలాయన ఒకడు, నేను వద్దంటున్నా వినకుండా, "మొహమాటమేందయ్యా!" అని నా పక్కనే తొక్కుకుంటూ ఊరిదాకా వచ్చాడు. సరదాకి పరుగెడుతున్నానంటే నమ్మేవాళ్ళు కాదు. వాళ్ళ తప్పు కాదు లెండి, ఆ రోజుల్లో సరదాకి పరుగెత్తేవాణ్ణి నేను కూడా చూడలేదు.

ఇలా ఉండగా రెండువేల సంవత్సరం దాటాక ఒక ఫిబ్రవరిలో, గుంటూరుకి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి నుంచి మిర్చియార్డు గేటు దాకా పరుగుపందెం పెట్టారు అక్కడి క్రీడాసంఘం కుర్రాళ్ళు. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన వాళ్ళకి పెద్ద. ఆదివారం, యార్డుకి సెలవు, లారీలు ఉండవు. ఆ రోడ్డు మా బస్సు రోడ్డే. ప్రతి గుంతా నాకు పేరుపెట్టి పిలిచేంత చనువు. నలభై ఒకటో నంబరు గుడ్డ చొక్కా వీపుకి కుట్టించుకుని వెళ్ళాను. మొదటి పందెం కదా, కోడికంటే ముందు లేచాను.

తొమ్మిదో కిలోమీటరు దాకా కుర్రాళ్ళతో సమానంగా పోయాను. అక్కడ కాళ్ళు చచ్చుపడ్డాయి. నాలుక పిడచగట్టుకుపోయింది. అప్పుడే వెనక నుంచి ట్రాక్టరు వచ్చింది, ట్రక్కు నిండా మిరపకాయలు కోసే ఆడవాళ్ళు. ఏటా కాయ కోతకి కనిగిరి వైపు పల్లెల నుంచి వచ్చే ముఠా అది. నా బస్సులోనే వస్తారు, నా బస్సులోనే పోతారు. ముఠా మేస్త్రమ్మ యాభై దాటిన మనిషి. నన్ను చూసి, "అయ్యో, కండక్టరయ్యా! బస్సు దాటిపోయిందా? ఎక్కు సామీ, ఎక్కు!" అంది. ట్రాక్టరు నెమ్మదించింది.

ఎక్కాను.

ఎంత దూరమో తెలుసా? ఐదు కరెంటు స్తంభాలు. ఆరో స్తంభం రాకముందే బుద్ధొచ్చి దూకేశాను. కానీ కల్వర్టు మీద ఈల పట్టుకుని నిలబడ్డ సంఘం కుర్రాడు, నేను దిగడం చూడనే చూశాడు. యార్డు గేటు దగ్గర డ్రిల్లు మాస్టారు నా నంబరు కొట్టేశారు. ఆయన ముందు నిలబడితే నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు నా నోట్లోంచి ఒక ముక్క వచ్చింది: "నేను ఎక్కలేదండీ. ఆడకూలీలు బస్సు తప్పిందనుకుని లాగేశారు."

అబద్ధం. వాళ్ళు రమ్మన్నారంతే. చెయ్యి చాచింది నేను. ఆ మేస్త్రమ్మ చెయ్యి అందుకుని, కాలు ట్రక్కు మీద పెట్టి, "అమ్మయ్య" అని కూర్చుంది నేనే.

డిపోలో నాకు 'టికెట్ లేని ప్యాసింజరు' అని పేరుపెట్టారు. టికెట్ లేనివాళ్ళని నడిరోడ్డు మీద దించి చడామడా కడిగేసే నోరు నాది. ఆ నోటికి తగిన శాస్తే జరిగింది. అదైనా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. ఆడకూలీలు లాగేశారన్న నా మాట ఊళ్ళు తిరిగింది. పొలం రైతు ఆ ముఠాని పట్టుకుని, "పందెంలో ఉన్న మనిషిని లాగుతారా? బుద్ధుందా మీకు?" అని అందరి ముందూ తిట్టాడట. టీ కొట్ల దగ్గర, 'కండక్టర్ని ఎత్తుకుపోయిన ముఠా' అని ఎగతాళి.

ఏప్రిల్లో కోతలైపోయి వాళ్ళు నా బస్సులోనే ఇళ్ళకి బయల్దేరారు. టికెట్ తీసుకుంటూ మేస్త్రమ్మ నెమ్మదిగా అడిగింది.

"అయ్యా, మేం లాగామంటన్నారే అందరూ?"

"రద్దీగా ఉంది, తర్వాత మాట్లాడదాం" అన్నాను. కనిగిరిలో వాళ్ళు దిగేటప్పుడు నేను బస్సు అవతలి పక్కకి పోయి టైర్లు చూస్తూ నిలబడ్డాను. టైర్లకి ఏ రోగమూ లేదు.

ఆ ఏడాదంతా పరుగెత్తాను. ఎండా లేదు, వానా లేదు. ఎవరు బండి ఆపినా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని తల అడ్డంగా ఊపేవాణ్ణి. పందెం మొత్తం నా కాళ్ళ మీద పరుగెత్తాలి, ఆ గేటు దగ్గరే నిజం చెప్పాలి. ముందే చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పొచ్చు. ధైర్యం లేక చెప్పలేదు. ఓడినవాడి నోట్లో నిజం కూడా సాకులాగే వినపడుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. అదే రోడ్డు. ఈసారి నంబరు పదిహేడు. మా డ్రైవరు సెలవు పెట్టి మరీ గేటు దగ్గర కాపు కాశాడు, "ఈసారి ఏ బండిలో వస్తాడో చూద్దాం" అని.

తొమ్మిదో కిలోమీటరు బాగానే దాటాను. కల్వర్టు వెనకపడింది. పదో కిలోమీటరు రాయి దగ్గర కుడికాలి పిక్క పట్టేసింది. అలా ఇలా కాదు, లోపల ఎవరో తాడు మెలేసినట్టు. కుంటుతూ నాలుగడుగులు వేశాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ట్రాక్టరు చప్పుడు. తల తిప్పకుండానే తెలిసిపోయింది ఎవరో.

ట్రాక్టరు నా పక్కకి వచ్చి నెమ్మదించింది. ట్రక్కు అంచు నా భుజానికి మూరెడు దూరంలో ఉంది. చెయ్యి చాస్తే చాలు. మేస్త్రమ్మ లేచి నిలబడింది. నా కుంటుడు చూసింది, నా మొహం చూసింది. నేను రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి ఛాతీకి ఆనించుకున్నాను. ఆవిడ చెంగు నడుముకి బిగించి, అచ్చం నా గొంతుతో, నేను రోజూ అరిచే అరుపు అరిచింది.

"సీట్లు లేవు! సీట్లు లేవు! ఎనకాల బండి కాళీగా వస్తంది, దాన్లో రాండి! రైట్, రైట్!"

అని ట్రక్కు డొక్క మీద అరచేత్తో రెండుసార్లు బాదింది.

ట్రక్కులో ఉన్న ఇరవై మందీ గొల్లున నవ్వారు. నాకూ నవ్వాగలేదు. ఎన్నేళ్ళుగా ఎంతమంది మొహాన కొట్టానో ఆ మాట! నవ్వుతుంటే ఎలా వదిలిందో పిక్క వదిలింది. కుంటుడు నడకైంది, నడక పరుగైంది. ట్రాక్టరు పొలం దగ్గర ఆగలేదు. నా వెనకే టుకుటుకుమంటూ వచ్చింది, "పోనీ, పోనీ!" అని ఆడవాళ్ళ కేకలు.

యార్డు దగ్గరపడేసరికి ఘాటు మొదలైంది. సెలవైనా సరే, ఫిబ్రవరిలో ఆ రోడ్డు మీద మిరపకాయ తొడిమెలూ గింజలూ తొక్కుకుంటూనే నడవాలి. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు ముగ్గురు నడుం వంచి దగ్గుతున్నారు, కళ్ళ వెంట ధారలు. నేనా? మిరపకాయ బస్తాల మధ్య ఇన్నేళ్ళు టికెట్లు కొట్టిన ముక్కు ఇది. తుమ్మైనా తుమ్మకుండా ముగ్గుర్నీ దాటేశాను. ఆ క్షణాన నన్ను చూసుంటే మీరు కూడా ఈల వేసేవాళ్ళు.

గేటు దాటాను. పద్నాలుగో వాణ్ణి. పన్నెండు కిలోమీటర్లూ, ప్రతి స్తంభమూ నేనే దాటాను. మా డ్రైవరు నన్ను ఎత్తేసుకున్నాడు, "ఒరేయ్, వచ్చేశావురా!" అంటూ. ఆయన కళ్ళు తడిశాయి. ఘాటు వల్ల అన్నాడు.

డ్రిల్లు మాస్టారు పెద్దమనిషి. మైకులో, "పోయిన సంవత్సరం కూలీలు తెలియక లాగేయడంతో పాపం వీరికి అన్యాయం జరిగింది. ఈసారి పూర్తిచేసినందుకు అభినందనలు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడే ట్రాక్టరు వచ్చి ఆగింది. ఆ మాట వినపడగానే ట్రక్కులో నవ్వులు ఆగిపోయాయి. మేస్త్రమ్మ తల దించుకుని చెంగు సర్దుకుంటోంది.

వెళ్ళి మైకు అడిగి తీసుకున్నాను.

"నన్ను ఎవరూ లాగలేదండీ. బస్సు తప్పిందనుకుని రమ్మన్నారంతే. చెయ్యి చాచింది నేను. మీరు నంబరు కొట్టెయ్యడమే న్యాయం. ఈ ఏడాది పాటు ఆ అమ్మలు నా అబద్ధం మోశారు. తప్పు నాది."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా డ్రైవరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేను ట్రాక్టరు దగ్గరికి నడిచి, తలెత్తి నిలబడ్డాను. మేస్త్రమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఐదు స్తంభాల దూరం లేదు గదయ్యా ఈ ముక్క. ఏడాది పట్టిందా చెప్పడానికి?"

"పట్టింది పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ వంగి చెయ్యి చాచింది. "ఇప్పుడు ఎక్కు. మా పొలం దాకా రా, సద్దన్నం తిని పోదువు" అంది.

పందెం అయిపోయింది కదా, చెయ్యి అందుకుని ఎక్కాను.